పెద్ద అక్షరాల పూట

జులై 2

మళ్ళీ మార్చేసింది మహాతల్లి.

పొద్దున షట్టర్ ఎత్తి, దుమ్ము దులిపి, కంప్యూటర్ ఆన్ చేసేసరికి స్క్రీన్ మీద అక్షరాలన్నీ ఆవగింజలై కూర్చున్నాయి. నిన్న నేను వదిలివెళ్ళిన స్ట్రాబెర్రీ లేబుల్ తెరిస్తే పండు పండులా లేదు. ఎరుపంతా మెట్లు మెట్లుగా చారలు, ఆకు మీద చుక్కలు. తట్టు పోసినట్టుంది.

సెట్టింగుల్లోకి వెళ్ళి చూశాను. లక్షల రంగులు చూపించగల స్క్రీన్‌ని రెండు వందల యాభై ఆరు రంగులకి దించి పెట్టింది. నా పనంతా రంగుల పనే అని తెలిసి కూడా. సైజు మీటని ఎడమకి లాగి ఎనిమిది వందలు–ఆరు వందలు చేశాను. ఆ తర్వాత రంగుల దగ్గర ట్రూ కలర్ పెట్టాను. ముందు సైజు, తర్వాత రంగులు, ఎప్పుడూ ఇదే వరస. మానిటర్ టక్కుమని ఓసారి చీకటై మళ్ళీ వెలిగింది. అక్షరాలు మనుషులు చదివేటట్టు వచ్చాయి. నాకు మొదటినుంచీ ఈ సైజే అలవాటు.

అంతటితో అయిపోతుందా? ఐకాన్లన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఉంటే ఏరుకుని వరసలో పెట్టుకోవాలి. మధ్యాహ్నం ఆవిడ వచ్చి చెడగొడుతుంది, పొద్దున్నే నేను వచ్చి బాగుచేస్తాను. తోటికోడళ్ళుగా మా ఇద్దరికీ రెండేళ్ళుగా మిగిలిన బంధుత్వం ఇదొక్కటే.

జులై 3

మళ్ళీ.

జులై 5

జామ్ ఫ్యాక్టరీకి కొత్త మేనేజరు వచ్చాడు. మామగారి రోజుల నుంచి వాళ్ళ లేబుళ్ళు మేమే వేస్తున్నాం. ఇప్పుడు సీసాలు మారుస్తున్నారట, పన్నెండు రకాలకీ కొత్త లేబుళ్ళు కావాలట. పళ్ళ ఫోటోలు, వెనకవైపు వేయాల్సిన వివరాల కాగితం బల్ల మీద పెట్టాడు.

"నెలాఖరుకి ప్రూఫులు చూపించండమ్మా. రంగు తేడా రాకూడదు, అంకె తేడా అసలే రాకూడదు. నచ్చితే ఏడాది పొడుగునా పని మీదే. లేదంటే ఏమీ అనుకోవద్దు, వేరేచోట చూసుకుంటాం" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. వెళ్తూ వెళ్తూ, "మధ్యాహ్నం ఫోన్ చేస్తే మీరెప్పుడూ ఉండరేం?" అని అడిగాడు.

ఏమని చెప్పను? మామగారు పోయాక కౌంటర్ కుర్చీలో ఎవరు కూర్చోవాలని అన్నదమ్ములిద్దరూ కొట్టుకున్నారనా? పెద్దమనుషులు వచ్చి ఇల్లు పంచారు, గిన్నెలు పంచారు, ప్రెస్సుని రెండు ముక్కలు చెయ్యలేక పూటలు పంచారు. పొద్దుటి పూట మాది, భోజనాలయ్యాక మరిది వాళ్ళది. ఉన్నది ఒకటే ప్రింటింగ్ మెషిన్, ఒకటే కంప్యూటర్. మెషిన్ నడిపే సిరా బాబాయి కూడా ఇద్దరికీ ఒక్కడే. మౌస్ పాడైతే నువ్వు కొను అంటే నువ్వు కొను అనుకుని నెల గడిపిన వాళ్ళం. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చినట్టని ఊరికే అన్నారా?

"మధ్యాహ్నం ఇంట్లో పనుంటుందండీ" అన్నాను.

అతను వెళ్ళాక మా ఆయన కౌంటర్ మీద మోచేతులానించి, "ఈ పని కూడా పోతే ఇక షట్టర్ దించడమే. నాకూ ఓపిక లేదు. మెషిన్లు అమ్మేసి ఎవరి దారి వాళ్ళు చూసుకుందాం" అన్నారు.

ఎవరి దారి వాళ్ళు అన్నారు గానీ నా దారి ఏదో ఆయన చెప్పలేదు. ఇంట్లో నేను వంటింటికీ పెరటికీ మధ్య తిరిగే మనిషిని. ఇక్కడ నాకో కుర్చీ ఉంది. ముక్కూమొహం తెలియని వాళ్ళ బల్ల మీద జామ్ సీసా ఉంటే, దాని మీద పండు అంత ఎర్రగా ఉందంటే, ఆ ఎరుపు నేను పెట్టింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నాది అనగలిగింది ఆ కుర్చీ ఒక్కటే, అదీ సగం పూటకి. అది పోతే నేనేమైపోతాను? భయంగా ఉంది.

తల పగిలిపోతోంది. ఆ స్క్రీన్ వెలుతురు ఈమధ్య పడటం లేదు.

జులై 8

ఇది మాత్రం సహించను. నా ఫైల్లో వేలు పెట్టింది.

నారింజ లేబుల్ నిన్న భోజనానికి ముందే ముగించాను. ఇవాళ చూస్తే ఫైలు పక్కన నిన్న సాయంత్రం టైము ఉంది. అంటే ఆవిడ తెరిచి, ఏదో మార్చి, సేవ్ చేసింది. ఏం మార్చిందో ఎంత వెతికినా నాకు కనిపించలేదు. ఆపిల్‌దీ అంతే, చక్కెర లేని ద్రాక్షదీ అంతే.

ఆవిడ పనులు మందుల కంపెనీల కరపత్రాలు. చీమతలకాయంత అక్షరాలు, గళ్ళు, గళ్ళలో మళ్ళీ గళ్ళు. అవి చేసుకోక నా పళ్ళతో ఆవిడకేం పని?

ఈ కంప్యూటర్ కొన్న కొత్తలో రెండో కుర్చీకి చోటు లేక, ఒకే కుర్చీలో చెరో సగం కూర్చుని నేర్చుకున్నాం. "అక్కా, నువ్వు జరుగు. అక్కా, నేను పడిపోతున్నా" అని ఒకటే నవ్వు. మామగారు అవతల గదిలోంచి దగ్గేవారు. ఆ పిలుపు గురించి నాకేమీ బెంగ లేదు. ఊరికే గుర్తొచ్చి రాశాను.

రాత్రి భోజనాల దగ్గర ఆయనతో చెప్పేశాను. స్క్రీన్ సంగతీ ఫైళ్ళ సంగతీ రెండూ. "కావాలనే చేస్తోందండీ. ఈ పని పోవాలని చూస్తోంది" అన్నాను. చెప్పినందుకు నాకేం బాధగా లేదు.

జులై 9

ఆయన మధ్యాహ్నం దాకా ఆగి మరీ ప్రెస్సులో తమ్ముడితో తగాదా పెట్టుకున్నారట. సిరా బాబాయి చెప్పాడు. అరుపులు వీధి చివరిదాకా వినిపించాయట. చిన్నామె కంప్యూటర్ ముందు తల వంచుకుని కూర్చుందట, ఒక్క మాట అనలేదట.

తప్పు లేకపోతే అనేది కదా.

జులై 12

అమ్మేస్తున్నారు.

"వాడూ ఒప్పుకున్నాడు" అన్నారాయన చెప్పులు విప్పుతూ. రెండేళ్ళలో అన్నదమ్ములిద్దరూ ఒకే మాట మీదికి రావడం ఇదే మొదలు. ఆయన మొహంలో ఏదో బరువు దించుకున్నట్టుంది. వచ్చే నెలలో కొనేవాళ్ళు వచ్చి మెషిన్లు చూసుకుంటారట.

"మరి ఫ్యాక్టరీ పని వస్తేనో?" అన్నాను.

"వస్తే అప్పుడు చూద్దాం. ఒకళ్ళ పని ఒకళ్ళు చెడగొట్టుకుంటుంటే ఎక్కడినుంచి వస్తుంది? నువ్వే కదా చెప్పావు."

నువ్వే కదా చెప్పావు. అవును, నేనే చెప్పాను.

జులై 13

నిద్ర లేదు. ప్రెస్సుకి వెళ్ళాను. మార్చాను. ఏరాను. పని చేశాను. వచ్చాను.

జులై 14

ఇది ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పన్నెండు లేబుళ్ళూ ఒకే షీటు మీద పేర్చి, కత్తిరించే గుర్తులు పెట్టాలి. నా సైజులో షీటు మొత్తం ఒకేసారి కనిపించదు. పైకీ కిందికీ జరుపుకుంటూ ఉంటే ఏ గుర్తు ఎక్కడ పెట్టానో మర్చిపోతున్నాను. సరే, కాసేపటికేగా అని సెట్టింగులు తెరిచి మీటని కుడివైపుకి, ఆవిడ పెట్టుకునే చోటికి నెట్టాను. ఆ మీటని నేను ఎడమకి లాగడమే గానీ కుడికి నెట్టడం ఈ జన్మలో అదే మొదలు.

మీట చివరికి వెళ్ళింది. పక్కన రంగుల డబ్బాలో ట్రూ కలర్ అన్న మాట పోయి రెండు వందల యాభై ఆరు అని వచ్చింది.

నేను రంగుల్ని ముట్టుకోలేదు. మౌస్ అటువైపే పోలేదు. దానంతటదే తగ్గింది.

వెనక్కి లాగాను. రంగులు పెంచాను. మళ్ళీ కుడికి నెట్టాను. మళ్ళీ పడిపోయింది. ఎన్నిసార్లు చేసినా అంతే. ఆవిడ సైజు మీద ఉండగానే రంగులు పెంచబోతే ఈసారి మీట తనంతట తానే ఎడమకి జారింది. ఈ పాత కంప్యూటర్‌కి రెండూ మోసే శక్తి లేదు. చోటు కావాలంటే రంగులు వదులుకోవాలి. రంగులు కావాలంటే చోటు వదులుకోవాలి.

అంటే ఆవిడ ఏనాడూ నా రంగులు తగ్గించలేదు. తన గళ్ళు కనబడటానికి మీట జరుపుకుంది, అంతే.

ఇంకో సంగతి కూడా తేలింది. నేను పెద్ద అక్షరాలు పెట్టుకునేది రంగుల కోసమే. కంప్యూటర్ వల్ల. నాకిదివరకు కారణం తెలియదు, ఇప్పుడు తెలిసింది.

జులై 15

ఎవరికీ చెప్పలేదు. ఎవరికని చెప్పాలి?

జులై 17

ఇవాళ ఇంటికి బయల్దేరే ముందు మీటని కుడికి నెట్టి, ఆవిడ సైజులో పెట్టి వచ్చాను. షీటు ఒకసారి చూసుకోవాలి కాబట్టి ఎలాగూ మార్చాను. తిరిగి తగ్గించడానికి బద్ధకమేసింది.

జులై 18

పొద్దున కంప్యూటర్ ఆన్ చేస్తే అక్షరాలు పెద్దగా ఉన్నాయి. రంగులు నిండుగా ఉన్నాయి. ఐకాన్లు ఎడమవైపు వరసలో, నేను పెట్టుకునే వరసలోనే ఉన్నాయి. జామ్ ఫోల్డరు అన్నిటికన్నా పైన.

చాలాసేపు ఏమీ ముట్టుకోలేదు. సిరా బాబాయి వచ్చి, "ఏమ్మాయ్, కరెంటు లేదా?" అన్నాడు.

"ఉంది బాబాయ్."

"మరి అలా కూర్చున్నావేం?"

"ఊరికే."

జులై 20

నేను వెళ్ళేటప్పుడు ఆవిడకి పెడుతున్నాను. ఆవిడ వెళ్ళేటప్పుడు నాకు పెడుతోంది. మాటలైతే లేవు.

ఇవాళ వాన వల్ల ఆలస్యమై, నేను బయటికి అడుగు పెట్టేసరికి ఆవిడ మెట్ల మీద గొడుగు మూస్తోంది. ఎదురుపడ్డాం. ఆవిడ గొడుగు నీళ్ళు నా చెప్పుల మీద పడ్డాయి. ఇద్దరం చెప్పుల వంక చూశాం. వయసైనట్టుంది తనకి, చెవుల దగ్గర తెల్లబడింది. రెండేళ్ళకే అంత తెల్లబడుతుందా? నేను పక్కకి జరిగాను, తను లోపలికి వెళ్ళింది. దారంతా ఒకటే విసుగు నాకు, ఎవరి మీదో తెలియదు.

ఈ డైరీ తొందరగా అయిపోయేటట్టుంది. ఒక్కో గీతలో రాయాల్సినదానికి రెండు గీతలు ఆక్రమిస్తున్నాను. ఈ మధ్య పెన్నులు కూడా లావుగా రాస్తున్నాయి.

జులై 24

పన్నెండు ప్రూఫులూ తీశాం. వెనకవైపు అక్షరాలు ఫ్యాక్టరీ కాగితంతో సరిచూడమని సిరా బాబాయికిచ్చాను. నా కళ్ళద్దాలు ఇంట్లో మర్చిపోయాను.

"నిన్న కూడా మర్చిపోయావుగా" అన్నాడు.

"నీకెందుకు బాబాయ్, చదువు."

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు అంటూ ఏదో గొణిగాడు. ఆ పిల్లి ఎవరో నేను అడగలేదు.

జులై 30

మేనేజరు వచ్చాడు. ప్రూఫులన్నీ కిటికీ దగ్గర వెలుతురులో పరిచాడు. నమూనా పళ్ళ ఫోటోలు పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ చూశాడు. ఆయన కౌంటర్ వెనక నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్నారు. నేను స్టూలు మీద కూర్చున్నాను.

"రంగులకి వంక లేదు" అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది.

తర్వాత లేబుళ్ళు తిప్పి వెనకవైపు చదివాడు. చక్కెర లేని ద్రాక్ష దగ్గర ఆగాడు. దాన్ని కళ్ళకి దగ్గరగా పట్టుకున్నాడు.

"ఇది పట్టుకున్నారే!" అన్నాడు. "మిగతావన్నీ ఎనిమిది నెలలు నిలవుంటాయి. చక్కెర లేనివి మూడు నెలలే. మొన్న ఒక ప్రెస్సు వాళ్ళకి ఇదే కాగితం ఇస్తే అన్నిటికీ ఎనిమిది కొట్టి తెచ్చారు. అవి బజారులోకి వెళ్ళుంటే పిల్లలు తిని ఏమయ్యేవారు? మీ మీద నాకు గురి కుదిరిందమ్మా. పని మీదే."

ఆయన నా వంక చూసి నవ్వారు. ఎన్నాళ్ళయిందో ఆ నవ్వు చూసి. నాకు నవ్వు రాలేదు.

నేను ఎనిమిదే కొట్టాను. నాకు బాగా గుర్తుంది. కాగితం చూసి, ఎనిమిది అని పైకి అనుకుంటూ కొట్టాను.

మేనేజరు వెళ్ళాక మెషిన్ దగ్గరికి వెళ్ళి సిరా బాబాయిని నిలదీశాను. చేతులు గుడ్డతో తుడుచుకుంటూ చాలాసేపు నసిగాడు.

"నువ్వు ఎనిమిది కొట్టావమ్మాయ్. చిన్నమ్మాయి మూడు చేసింది. నారింజలో బరువు తప్పు పడింది, ఆపిల్‌లో ఫోను నంబరు. రోజూ నువ్వు వెళ్ళాక నీ కాగితం పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచూసేది."

"నాకు చెప్పలేదేం?"

"చెప్పొద్దంది. అక్క చిన్నబుచ్చుకుంటుంది బాబాయ్ అంది."

అక్క అందట.

ఫ్యాక్టరీ వాళ్ళ చేతిరాత అసలు బాగోలేదు. మూడు ఎనిమిదిలా ఉంటుంది ఎవరికైనా.

జులై 31

ఇవాళ నేను చేసిన పని రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను.

మేనేజరు ఫోన్ చేసి, ఇంత పనికి సగం పూట చాలదు, మెషిన్ రోజంతా నడిస్తేనే కుదురుతుంది అన్నాడు. ఆయన ఫోన్ పెట్టేసి, "అయితే అయిపోయినట్టే. వాడిని నేను అడగను" అన్నారు. నోటిదాకా వచ్చిన కూడు. ఇద్దరు పెద్దమగాళ్ళ మొండితనానికి నేలపాలు కాబోతోంది.

మధ్యాహ్నం నేను ఇంటికి వెళ్ళలేదు. "మీరూ ఉండండి" అన్నాను ఆయనతో. మరిదీ చిన్నామే వచ్చారు. మమ్మల్ని చూసి గుమ్మంలో ఆగిపోయారు. మెషిన్ చప్పుడుకి మాట వినబడదని సిరా బాబాయి మెషిన్ ఆపేశాడు. అదొక్కటీ ఆపకుండా ఉండాల్సింది, చప్పుడుంటే నాకు కొంచెం సులువుగా ఉండేది.

"నేను మీ అన్నయ్యకి అబద్ధం చెప్పాను" అన్నాను మరిదితో. "అబద్ధమని తెలియక చెప్పాను. స్క్రీన్ రంగులు తనేం తగ్గించలేదు, ఈ కంప్యూటరే తగ్గిస్తుంది. కావాలంటే చూపిస్తాను. నా ఫైళ్ళు తను పాడుచెయ్యలేదు, నా తప్పులు దిద్దింది. ఈ పని వచ్చింది తన వల్ల. నా మాట పట్టుకుని ప్రెస్సు అమ్ముకోవద్దు."

ఆయన మొహం కందగడ్డలా అయింది. "ఈ ముక్క ఇప్పుడు చెప్తున్నావా?" అన్నారు.

"ఈమధ్యే తెలిసింది. తెలిశాక కూడా చెప్పడానికి ఇన్నాళ్ళు పట్టింది. తిట్టాలంటే నన్ను తిట్టండి."

మరిది గోడ వంక చూస్తూ, "కొనేవాళ్ళకి నేను ఫోన్ చేసి వద్దని చెప్తా బాబాయ్" అన్నాడు. ఆయన కిటికీ వంక చూస్తూ, "చెప్పమను బాబాయ్" అన్నారు. ఇద్దరి మధ్యా నాలుగడుగుల దూరం లేదు. బాబాయి ఇటూ అటూ తల తిప్పి, "ఇద్దరూ చెప్పింది ఇద్దరికీ వినబడిందిలే" అని మెషిన్ ఆన్ చేశాడు.

చిన్నామె నా వంక ఒక్కసారి చూసింది. ఏడ్చే ముందు మొహమో, నవ్వే ముందు మొహమో నాకు తేల్చుకోవడానికి కాలేదు, వెలుతురు వెనక నుంచి వస్తోంది.

ఆగస్టు 4

పూటలు పోయాయి. రోజంతా అందరిదీ. ఆయనా మరిదీ ఇంకా బాబాయి ద్వారానే మాట్లాడుకుంటున్నారు, మాటలు మాత్రం పెరిగాయి. పొద్దున లేబుళ్ళు, మధ్యాహ్నం కరపత్రాలు. నేను లేచాక చిన్నామె కూర్చుంటుంది. ఒకే గదిలో ఉంటున్నాం, ఇద్దరం తెగ పని ఉన్నట్టు నటిస్తున్నాం. ఎవరు ముందు నోరు తెరవాలో తెలియదు. రెండేళ్ళు మూసిన తలుపు, గొళ్ళెం ఎటువైపుందో ఇద్దరికీ గుర్తులేదు.

ఆగస్టు 6

అన్నదమ్ములిద్దరూ కలిసి పెట్టిన మొదటి ఖర్చు ఇది. రిపేరతన్ని పిలిచి కంప్యూటర్‌లో సైజూ రంగులూ రెండూ మోసే కొత్త కార్డు వేయించారు. అతను డబ్బా విప్పి, పాతది పీకి, కొత్తది గుచ్చి, మీటని కుడివైపు చివరికంటా నెట్టాడు. రంగులు పడిపోలేదు. ఎక్కడివక్కడే ఉన్నాయి.

"ఇక మీకు మార్చుకునే బాధే లేదమ్మా. సైజుకి సైజు, రంగులకి రంగులు. ఇదే ఉంచేసుకోండి" అన్నాడు.

అందరూ స్క్రీన్ చుట్టూ చేరారు. స్ట్రాబెర్రీ నిగనిగలాడుతోంది. షీటు మొత్తం ఒకేసారి కనిపిస్తోంది. ఆయన, "చూశావా, నీ బాధ తీరింది" అన్నారు.

"తీరిందండీ" అన్నాను.

ఆగస్టు 7

కొత్తది కదా, అలవాటు కావాలి.

ఆగస్టు 8

తలనొప్పి.

ఆగస్టు 10

ఒక లేబుల్ చెయ్యడానికి పూటంతా పట్టింది. మెనూలో మాటలు గుర్తు మీద నొక్కుతున్నాను, పైనుంచి మూడోది, కింది నుంచి రెండోది అని. ఒకసారి సేవ్ అనుకుని ఇంకేదో నొక్కాను. ఆయన వచ్చి, "ఏంటా వంగడం, స్క్రీన్‌లోకి దూరిపోతావా?" అన్నారు. రంగులు సరిచూస్తున్నానన్నాను.

మీట ఎడమకి లాగితే క్షణంలో పోయే బాధ. లాగితే అడుగుతారు, ఇప్పుడెందుకు అని. ఇన్నాళ్ళూ రంగుల కోసమన్నాను. ఇప్పుడు రంగులు ఎటూ పోవు. ఏం చెప్పను? "నీకెందుకింక శ్రమ, ఇంట్లో ఉండు" అంటారాయన, ప్రేమగానే అంటారు. కుర్చీ అలా పోతుంది, గొడవా గోలా లేకుండా.

ప్రెస్సు నిలబెట్టుకున్నాను. అందులో నేనుంటానో లేదో తెలియడం లేదు. అలసిపోయాను. నిజంగా అలసిపోయాను.

ఆగస్టు 11

పొద్దున షట్టర్ అప్పటికే ఎత్తి ఉంది. లోపల చిన్నామె, ఇంత పొద్దున్నే, కంప్యూటర్ పక్కన నిలబడి ఉంది. చేతిలో దుమ్ము గుడ్డ. దుమ్మెక్కడా లేదు.

స్క్రీన్ మీద అక్షరాలు పెద్దగా ఉన్నాయి. ఎనిమిది వందలు–ఆరు వందలు. ఐకాన్లు ఎడమవైపు, నా వరసలో ఉన్నాయి.

నేను స్క్రీన్ వంకా తన వంకా చూశాను. తను గుడ్డని నాలుగు మడతలు పెట్టింది, విప్పింది, మళ్ళీ మడిచింది.

"ఇలా అయితే రంగులు బాగా కనిపిస్తాయని పెట్టానక్కా" అంది.

రెండేళ్ళకి మొదటి మాట. అది అబద్ధమని తనకి తెలుసు, నాకు తెలుసు. మీట ఎక్కడున్నా ఇప్పుడు రంగులు ఒకటేనని రిపేరతను చెప్పినప్పుడు నా పక్కనే నిలబడి విన్నది తనే.

"అవునే, ఇలా అయితేనే బాగుంటాయి" అన్నాను.

"ఎవరైనా అడిగితే అదే చెప్దాం."

"చెప్దాం."

కుర్చీలో కూర్చున్నాను. ఏడుపు ఆగలేదు. తను నా పక్కకి వచ్చి, "కాస్త జరుగక్కా" అని సగం కుర్చీలో కూర్చుంది. ఇద్దరికీ వయసొచ్చింది, ఒళ్ళు కూడా వచ్చింది. కుర్చీ కిర్రుమంది. "పడిపోతాం" అన్నాను. "పడితే పడదాం" అంది.

కాసేపయ్యాక స్క్రీన్ వంకే చూస్తూ, "ఎప్పట్నించి?" అని అడిగింది.

"స్ట్రాబెర్రీ కన్నా ముందు నుంచే" అన్నాను.

ఆ మాట ఇక్కడ కూడా రాయలేదు నేను. నా డైరీలో, నాకు మాత్రమే రాసుకునే చోట కూడా వెలుతురనీ, తలనొప్పనీ, చేతిరాతనీ రాశాను. ఇప్పుడు రాస్తున్నాను. నాకు కళ్ళు కనబడటం లేదు. ఎడమది బాగా మసక, కుడిది కొంచెం మేలు. భయంగా ఉంది.

రేపు మధ్యాహ్నం కళ్ళ డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్తున్నాం. ఆయనకి మాత్రం రంగు కాగితాలు చూసిరావడానికని చెప్పాం.